మొదటి ప్రమాద హెచ్చరిక

వరదకు ధవళేశ్వరంలో కొలత ఉంది, హెచ్చరిక ఉంది, కదిలే యంత్రాంగం ఉంది. డెల్టాలో ఇంటింటికీ పాకుతున్న షుగరుకు మాత్రం ఉన్నది సలహా ఒక్కటే.

గోదావరికి వరద తగిలిన ప్రతిసారీ రెండు తీరాల వాళ్ళూ ఒక అంకె కోసం చూస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక. 13.75 అడుగులకు రెండోది, 17.75 అడుగులకు మూడోది. మొదటి హెచ్చరిక వేళకే దాదాపు పది లక్షల క్యూసెక్కుల నీరు 175 గేట్ల కింద నుంచి సముద్రం వైపు పరుగెడుతూ ఉంటుంది. ఆ మాట వెలువడగానే లంకల్లో పడవలు సిద్ధమవుతాయి, ఏటిగట్ల మీద ఇసుక బస్తాలు దిగుతాయి, పశువులను మెరకకు తోలతారు, రెవెన్యూ సిబ్బందికి సెలవులు రద్దవుతాయి. మీ గుమ్మం ముందు నీళ్ళెంత వచ్చాయో మీరే కొలుచుకుని జాగ్రత్తపడండి అని ఏ కలెక్టరూ లంక ఊళ్ళకు కబురు పెట్టి ఊరుకోడు. వరద సొంత తప్పు వల్ల రాదని, ఒక్కొక్కరూ ఎదుర్కోగలిగేది కాదని అందరికీ తెలుసు.

ఒంట్లోని నెత్తురుకూ ఇలాంటి కొలతే ఉంది. పరగడుపున తీసిన నెత్తురులో చక్కెర 100 నుంచి 125 దాకా ఉంటే అది మొదటి హెచ్చరిక; 126కి చేరితే మధుమేహం. ఈ అంకెలు ఎవరో వచ్చి చదివిపెట్టరు. చూపు మసకబారాకో, కాలి పుండు మానకపోయాకో, వేరే దేనికో ఆసుపత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకున్నాకో బయటపడతాయి. ఇక ఆ తర్వాత మొదలవుతుంది సలహాల వరద. ఆదివారం టీవీలో డాక్టరుగారు, ఫోన్లో వీడియో, ఊళ్ళో ఉచిత శిబిరం, అన్ని చోట్లా ఒకటే మాట: అన్నం తగ్గించండి, నడవండి, మందులు మానకండి. అందులో ఒక్క మాటా తప్పు కాదు. కానీ గోదావరి డెల్టాలో షుగరు ఎలా పెరిగిందో వరసగా చూసుకుంటూ వస్తే, ఆ సలహా చేరాల్సిన చిరునామా వేరని తేలుతుంది. ఈ జబ్బును మన ఇళ్ళకు తెచ్చినవి చాలావరకు ఊరుమ్మడి మార్పులు. ఆనకట్ట, మిల్లు, యంత్రం, రేషను బియ్యం ఒకదాని వెనక ఒకటి వచ్చి మన పళ్ళేన్నీ మన పనినీ మార్చేశాయి. ఊరుమ్మడిగా వచ్చినదాన్ని ఎవరి ఇంట్లో వాళ్ళు ఆపుకోమంటే ఆగదు. ఈ కథనం చెప్పదలచినది ఇదే.

ఊళ్ళు చెప్పిన లెక్క

షుగరు, బీపీ, గుండెజబ్బు పట్నవాసపు జబ్బులని, డబ్బున్నవాళ్ళ జబ్బులని చాలాకాలం నమ్మాం. ఆ నమ్మకాన్ని దేశంలో మొట్టమొదట గట్టిగా కదిలించిన అధ్యయనాల్లో ఒకటి గోదావరి జిల్లాల పల్లెల్లోనే జరిగింది. ఆంధ్రప్రదేశ్ రూరల్ హెల్త్ ఇనిషియేటివ్ పేరుతో 2003-04లో 45 గ్రామాల్లో, సుమారు 1.8 లక్షల జనాభాలో, ఏడాది పాటు సంభవించిన ప్రతి మరణం వెనక కారణాన్నీ వెతికారు. పల్లెల్లో చావుకు డాక్టరు సంతకంతో ధ్రువపత్రం ఉండేది తక్కువ కాబట్టి, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్ళకు వెళ్ళి, చివరి రోజుల్లో ఏ బాధ పడ్డారో ఇంట్లోవాళ్ళను అడిగి రాసుకున్నారు. ఆ వివరాలను వైద్యులు చదివి కారణం తేల్చారు. మొత్తం 1354 మరణాల్లో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లనే. అంటుజబ్బులన్నీ కలిపినా 12 శాతం. పల్లెటూళ్ళో మనిషి కలరాతోనో క్షయతోనో పోతాడన్న పాత లెక్క ఈ ఊళ్ళలో అప్పటికే తారుమారైపోయింది.

అదే కృషిలో భాగంగా 20 గ్రామాల్లో ముప్పై ఏళ్ళు దాటిన సుమారు 4,500 మందికి నెత్తురు పరీక్షలు చేశారు. 2006లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం వంద మందిలో 13 మందికి మధుమేహం ఉంది. వాళ్ళలో సగం మందికి ఆ సంగతే తెలియదు. ఇది ఇరవై ఏళ్ళ కిందటి మాట, అదీ పల్లెల మాట. 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ దేశవ్యాప్త అధ్యయనం భారతదేశపు పల్లెల్లో మధుమేహాన్ని 8.9 శాతంగా, పట్టణాల్లో 16.4 శాతంగా లెక్కగట్టింది. రెండు అధ్యయనాల్లో వయసుల పరిధి వేరు కాబట్టి ఈ అంకెలను పక్కపక్కన పెట్టి తూచకూడదు. అయినా ఒక సంగతి దాగదు. దేశం ఈ జబ్బును పల్లెల సమస్యగా గుర్తించడానికి చాలా ముందే డెల్టా ఊళ్ళకు అది వచ్చి కూర్చుంది. దేశంలో 10.1 కోట్ల మంది మధుమేహులు ఉంటే, మరో 13.6 కోట్ల మంది ఆ గట్టు మీద, అంటే మొదటి హెచ్చరిక దగ్గర నిలబడి ఉన్నారని ఇండియాబ్ అంచనా.

కరువు నుంచి కడుపునిండా

ఎందుకు ముందొచ్చింది? జవాబు కోసం ధవళేశ్వరం ఆనకట్టకు పూర్వం వెళ్ళాలి. 1832-33 నాటి నందన కరువు, 1839 ఉప్పెన ఈ జిల్లా నడుం విరిచాయి. 1821కీ 1841కీ నడుమ గోదావరి జిల్లా జనాభా ఏడు లక్షల పైచిలుకు నుంచి అయిదున్నర లక్షల చిల్లరకు పడిపోయింది. పక్కన ఏరు నిండుగా పారుతుంటే గట్టు మీద జనం ఆకలితో పోయారు. ఆ స్థితిలో వచ్చిన ఆర్థర్ కాటన్ జనానికి తిండి పొదుపు గురించి ఉపన్యాసం చెప్పలేదు. ఏటికి అడ్డకట్ట వేశాడు. 1847లో మొదలైన పని 1852కి ముగిసింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా సాగిన ఆ ఆనకట్ట మూడు డెల్టాలకు నీరిచ్చింది. 1982 నాటికి దాని చోట కొత్త బ్యారేజీ నిలిచింది. పది లక్షల ఎకరాల వరిపొలం, సార్వా, దాళ్వా అని ఏటా రెండు పంటలు, అన్నపూర్ణ అన్న పేరు అలా వచ్చినవే. మారుటేరు వరి పరిశోధనా కేంద్రం 2000లో విడుదల చేసిన ఎంటీయూ 1010 రకానికి ‘కాటన్ దొర సన్నాలు’ అని పేరు పెట్టారంటే, బియ్యపు గింజకూ ఆ ఆనకట్టకూ ఉన్న చుట్టరికం ఎంత దగ్గరిదో తెలుస్తుంది. చోడి అంబలి తాగి, జొన్న సంకటి తిని బతికిన మెరక ఊళ్ళ ఇళ్ళలోకి కూడా వరన్నం క్రమంగా వచ్చింది. పండగనాటి వంటకం నిత్యభోజనమైంది. ఇందులో విచారించాల్సింది ఏమీ లేదు. ఆకలి తీర్చిన పంట మీద నేరం మోపితే కృతఘ్నత అవుతుంది.

తేడా ఎక్కడ వచ్చిందంటే మిల్లు దగ్గర. వడ్లగింజను గోటితో ఒలిచి చూస్తే మూడు పొరలు కనిపిస్తాయి. పైన గరుకైన ఊక. దాని కింద పల్చటి గోధుమరంగు పొర, అదే తవుడు. కొసన ముక్కులాంటి మొలక. లోపలంతా తెల్లటి పిండి. పీచూ, నూనె, విటమిన్లూ దాదాపు అన్నీ ఆ పల్చటి పొరలోనూ మొలకలోనూ ఉంటాయి. ఇంట్లో ఆడవాళ్ళు రోకటితో దంచినప్పుడు ఊక ఊడేది, తవుడు కొంత గింజకే అంటుకుని ఉండేది. మిల్లులో రబ్బరు రోలర్ల నడుమ ఊక పోయాక గింజ పాలిష్ యంత్రంలోకి వెళుతుంది. అక్కడ ఒకసారి రాస్తే సింగిల్ పాలిష్, మళ్ళీ రాస్తే డబుల్ పాలిష్. ఆపైన సార్టెక్స్ యంత్రం ఒక్కో గింజను చూసి రంగు తేడాగా ఉన్నదాన్ని ఊది పారేస్తుంది. మల్లెమొగ్గలా మెరిసే బియ్యం సంచిలోకి దిగుతాయి. తవుడు నూనె మిల్లుకు వెళుతుంది. నూనె తీయగా మిగిలిన పిప్పి కోళ్ళకూ పశువులకూ, ముఖ్యంగా భీమవరం, ఆకివీడు ప్రాంతాల చేపల చెరువులకూ మేత అవుతుంది. ఆ చెరువుల బొచ్చె, రాగండి మంచుగడ్డల లారీలెక్కి కోల్‌కతా చేరతాయి. మొత్తం వరస ఒకసారి చూడండి: గింజలోని సారం చేప తింటుంది, చేపను బెంగాల్ తింటుంది, మిగిలిన పిండి మనం తింటాం.

ఈ తెల్లదనానికి డెల్టా ఇంతకుముందే ఒకసారి మూల్యం చెల్లించింది. ఆ సంగతి ఇవాళ ఎవరికీ గుర్తులేదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో మద్రాసు రాష్ట్రంలో బెరిబెరి జబ్బు ఎక్కడ ఎక్కువంటే ఉత్తర సర్కారు జిల్లాల్లో, అంటే మన కోస్తాలో. కాళ్ళు తిమ్మిరెక్కి, ఒళ్ళు నీరు పట్టి, గుండె ఆగి మనుషులు పోయేవారు. కారణం ఆకలి కాదు, బి1 విటమిన్ లోపం. అదే రాష్ట్రంలోని తమిళ జిల్లాల వాళ్ళూ బియ్యమే తినేవారు, వాళ్ళకు ఇంతగా రాలేదు. వాళ్ళు తిన్నది ఉప్పుడు బియ్యం. వడ్లను ఉడకబెట్టినప్పుడు తవుడులోని విటమిను గింజ లోపలికి ఇంకుతుంది, పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మనవాళ్ళు తిన్నది పచ్చివడ్లను మిల్లులో ఆడించిన తెల్లబియ్యం. పైగా రెండు మూడు నీళ్ళు కడిగి, గంజి వార్చి మిగిలిన కాస్తా పారబోసేవారు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాల ఈ జబ్బునూ బియ్యాన్నీ ఏళ్ళ తరబడి పరిశోధించింది. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాద్‌కు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే ఇవాళ మనకు పళ్ళెంలో ఏది ఎంత ఉండాలో చెబుతున్న సంస్థ చరిత్రలో ఒక అధ్యాయం మన ఇళ్ళ అన్నమే. బెరిబెరి తగ్గింది, తెల్లబియ్యం తగ్గలేదు. అప్పుడు లోపం రూపంలో వచ్చిన చేటు ఇప్పుడు ఎక్కువ రూపంలో వచ్చింది.

పని పోయింది, ముద్ద మిగిలింది

తెల్లబియ్యం ఒక్కటే షుగరు తెచ్చిందంటే సగం నిజం. మిగతా సగం పొలంలో ఉంది. దమ్ము చేసి, ఊడ్పులు ఊడ్చి, కోతలు కోసి, కుప్పలు నూర్చి, బస్తా భుజాన వేసుకుని కాలవ గట్టున పడవ దాకా మోసిన ఒంటికి పళ్ళెంనిండా అన్నం అవసరమే. ఆ పిండి సాయంత్రానికల్లా కండల్లో ఖర్చయిపోయేది. ఇవాళ దమ్ము ట్రాక్టరుది, కోత మిషనుది, మోత ఆటోది. నాట్లు ఇంకా చాలా చోట్ల ఆడవాళ్ళ నడుం మీదే నడుస్తున్నా, ఏడాదిలో ఒంటికి పని తగిలే రోజులు బాగా కుదించుకుపోయాయి. ఆ రోజులు పోయినంత త్వరగా అన్నం మోతాదు పోలేదు. పప్పుతో ఒకసారి, పులుసుతో ఒకసారి, పెరుగుతో ఒకసారి, మూడు వాయిల అన్నం మర్యాదగా ఇప్పటికీ నడుస్తోంది. రెండో వాయి వద్దంటే వండినవాళ్ళకు కష్టం, ఇంటికొచ్చిన చుట్టానికి చిన్నతనం.

ఈ మోతాదు ఎంత ప్రమాదమో కొలిచిన అధ్యయనం ఉంది. 21 దేశాల్లో 1.3 లక్షల మందిని సగటున తొమ్మిదిన్నరేళ్ళు గమనించిన ‘ప్యూర్’ పరిశోధన ఫలితాలు 2020లో వచ్చాయి. రోజుకు 150 గ్రాముల లోపు వండిన తెల్లన్నం తినేవాళ్ళతో పోలిస్తే 450 గ్రాములు, ఆపైన తినేవాళ్ళలో కొత్తగా మధుమేహం వచ్చే ముప్పు 20 శాతం ఎక్కువ. దక్షిణాసియాలో ఆ ముప్పు 61 శాతం ఎక్కువ. ఇప్పుడు రేషను కార్డు తీసి ఒక చిన్న లెక్క వేద్దాం. మనిషికి నెలకు అయిదు కిలోలు. ముప్పై రోజులకు పంచితే రోజుకు 167 గ్రాముల బియ్యం. బియ్యం ఉడికితే రెండున్నర నుంచి మూడింతలవుతాయి. అంటే సుమారు 450 గ్రాముల అన్నం. ఆ పరిశోధనలో అందరికన్నా ఎక్కువ ముప్పున్న వరసలోకి మనిషిని చేర్చడానికి రేషను బియ్యమే సరిపోతాయి. బజారు నుంచి తెచ్చుకునే సన్నబియ్యం, ఇడ్లీ, దోసె, పునుగు ఇంకా లెక్కలోకి రాలేదు. అదే రేషను దుకాణంలో కందిపప్పు ఏ నెల వస్తుందో, ఏ నెల రాదో చెప్పలేని ఊళ్ళు ఎన్నో. అన్నం తగ్గించండి అన్న డాక్టరు మాట విని వెనుదిరిగిన కూలి మనిషి ఆ ఖాళీని దేనితో నింపాలి?

సలహా ఎంతవరకు పనిచేస్తుంది

సలహా వృథా అని ఇక్కడ చెప్పడం లేదు. సలహా బలాన్ని చూపిన మంచి రుజువు చెన్నైలో ఉంది. డాక్టర్ ఎ.రామచంద్రన్ బృందం మధుమేహం గట్టు మీదున్న 531 మందితో చేసిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రాం ఫలితాలను 2006లో ప్రకటించింది. మామూలు సలహాతో వదిలేసిన వాళ్ళలో మూడేళ్ళలో 55 శాతం మందికి షుగరు వచ్చింది. తిండిలో, నడకలో మార్పులకు వెంటబడి తోడ్పడిన వాళ్ళలో అది 39 శాతానికి తగ్గింది. ఇక్కడ గమనించాల్సిన మాట ‘వెంటబడి’. ఆ పరిశోధకులు ఒకసారి చెప్పి వదిలేయలేదు. మనిషిని కూర్చోబెట్టుకుని మాట్లాడారు, మళ్ళీ మళ్ళీ పిలిచారు, ఫోన్లు చేశారు. అంతటి శ్రద్ధ పెట్టినా ప్రతి అయిదుగురిలో ఇద్దరు జారిపోయారు. మామూలు సలహా దొరికిన వాళ్ళలోనైతే సగానికి పైగా. మన ఆదివారం సలహాలు ఏ కోవకు వస్తాయో వేరే చెప్పనక్కర్లేదు.

రెండో రుజువు మన పశ్చిమ గోదావరిదే. 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలోని 54 గ్రామాల్లో ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ పంపి, గుండెజబ్బు ముప్పు ఎక్కువున్న వాళ్ళను గుర్తించి డాక్టరు దగ్గరకు పంపే ‘స్మార్ట్‌హెల్త్’ ప్రయోగం జరిగింది. ఫలితాలు 2019లో వచ్చాయి. వేల మంది ముప్పు బయటపడింది. డాక్టరు దగ్గరకు వెళ్ళినవాళ్ళున్నారు, ఆశాలు మళ్ళీ మళ్ళీ వెళ్ళి చూశారు. అయినా చివరికి బీపీ అదుపులో ఉన్నవాళ్ళ శాతం, ప్రయోగం లేని కాలంతో పోలిస్తే చెప్పుకోదగ్గంత మారలేదు. పరిశోధకులు దాచకుండా ఆ మాటే చెప్పారు. ఈ ప్రయోగం ఓడిపోయిందని కొట్టేయడం తేలిక. దానిలోని పాఠం తీసుకోవడం అవసరం. కొలవడం ఒక మెట్టు, చెప్పడం రెండో మెట్టు. చీటీ మీద రాసిన మాత్ర ప్రతి నెలా ఊళ్ళోనే చేతికందడం, అదే డాక్టరు మళ్ళీ కనిపించడం, పళ్ళెంలో వేరే పదార్థం దొరకడం మూడో మెట్టు. మొదటి రెండూ కట్టి మూడోది వదిలేస్తే అది లాకుల్లేని కాలవ. నీరు వచ్చినట్టే వచ్చి పొలానికి ఎక్కకుండా పోతుంది.

నిలబడని వాదాలు, నిలబడే వాదాలు

షుగరు ఊరుమ్మడి సమస్య అన్న మాటకు ఎదురు వచ్చే వాదాల్లో అన్నిటికన్నా బలమైనది శరీర తత్వం. మనవాళ్ళకు పుట్టుకతోనే షుగరు వచ్చే స్వభావం ఉంది, చైనావాళ్ళు మనలాగే అన్నం తిన్నా వాళ్ళకు ఇంత లేదు కదా అంటారు. నిజమే. ప్యూర్ అధ్యయనంలో కూడా చైనాలో తెల్లన్నానికీ మధుమేహానికీ ముడి స్పష్టంగా కనబడలేదు. దక్షిణాసియా వాళ్ళకు తక్కువ బరువుకే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుందనీ, తక్కువ వయసులోనే షుగరు వస్తుందనీ వైద్యులు ఎప్పటినుంచో చెబుతున్నారు. కానీ స్వభావం నూరేళ్ళలో మారేది కాదు, జబ్బు మాత్రం మన తాతల కాలం నుంచి మన కాలానికి ఇన్ని రెట్లయింది. లంక పల్లంలో ఉండటం ఎవరి తప్పూ కాదు. పల్లంలో ఉన్న ఊరికి గట్టు ఎత్తుగా వేయాలి. మనకు ముప్పు ఎక్కువ కాబట్టే అన్నం మోతాదు విషయంలో మనం ఇతరులకన్నా ముందు మేలుకోవాలి.

తప్పు బియ్యానిది కాదు, తీపిదని ఇంకొందరి వాదం. ఆత్రేయపురం పూతరేకులు, తాపేశ్వరం కాజాలు ఉన్న జిల్లాలో ఆ మాట సహజంగానే వస్తుంది. తీపి మంచిదని ఎవరూ అనరు. కానీ పూతరేకు పెళ్ళికో పండక్కో, అన్నం రోజుకు మూడు వాయిలు. తీపి మానేసి అన్నం అలాగే ఉంచుకున్న మనిషి నెత్తురులో చక్కెర పెద్దగా తగ్గకపోవచ్చు. ఇక చిరుధాన్యాలకు మారితే చాలునన్న కొత్త నమ్మకం. 2025లో వెలువడిన ఇండియాబ్ ఆహార అధ్యయనం ఈ నమ్మకాన్ని సరిచేసింది. మన దేశంలో సగటు మనిషి తీసుకునే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. ఆ మొత్తాన్ని తగ్గించకుండా తెల్లబియ్యం తీసి గోధుమో చిరుధాన్యమో పెట్టినంత మాత్రాన ముప్పు తగ్గినట్టు కనబడలేదు. పిండిపదార్థాల నుంచి వచ్చే శక్తిలో 5 శాతాన్ని తీసి పప్పు, పాలు, గుడ్డు, చేప వంటి వాటి మాంసకృత్తులతో భర్తీ చేస్తే తగ్గింది. జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాలు కూడా ధాన్యాలన్నీ కలిపి మన శక్తిలో 45 శాతం దాటకూడదన్నాయి. కాబట్టి వివాదం వరికీ రాగికీ మధ్య లేదు. పళ్ళెంలో అన్నం ఆక్రమించిన చోటులో పప్పుకూ కూరకూ గుడ్డుకూ వాటా ఇవ్వడం గురించే.

మూడో వాదం పేదవాడి పక్షం నుంచి వస్తుంది, దాన్ని గౌరవంగా వినాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం తెచ్చినప్పుడు అది లక్షల ఇళ్ళలో పొయ్యి వెలిగించింది. ఇప్పుడు షుగరు పేరు చెప్పి ఆ బియ్యంలో కోత పెడితే పేదవాడే నష్టపోతాడు. ఈ భయం న్యాయమైనది. అందుకే బియ్యం తగ్గించమని ఇక్కడ అడగడం లేదు, బియ్యం పక్కన పప్పూ గుడ్డూ పెట్టమని అడుగుతున్నాం. బియ్యం ఒక్కటే చవకగా ఇచ్చే ప్రభుత్వం తెలియకుండానే జనం పళ్ళేన్ని బియ్యంతో నింపుతుంది. ధరే జనానికి చెప్పే అసలైన సలహా. కందిపప్పు కిలో నూరు రూపాయలు దాటి, బియ్యం ఉచితంగా వస్తుంటే, ఏ నిపుణుడి మాటా ఆ ధరను ఓడించలేదు. ఆఖరి వాదం స్వేచ్ఛ గురించి: ఏం తినాలో ఎవరి ఇష్టం వాళ్ళది, ప్రభుత్వానికి ఇందులో పనేమిటి అని. ప్రభుత్వం ఈ పళ్ళెంలో వేలు పెట్టి నూట డెబ్భై ఏళ్ళు దాటింది. కాలవ తవ్వింది, విత్తనం ఇచ్చింది, మద్దతు ధర కట్టింది, మిల్లు పట్టించి రేషను దుకాణానికి చేర్చింది. వాటన్నిటికీ లేని అభ్యంతరం పప్పు దగ్గర మాత్రం రాకూడదు.

ఆరోగ్యానికీ ఒక ఆనకట్ట

ఊరుమ్మడి మార్పుతో నెత్తురులో అంకెలు మారతాయనడానికి సాక్ష్యం మన తెలుగువాళ్ళు తరాలుగా స్థిరపడిన మారిషస్‌లోనే ఉంది. 1987లో ఆ ప్రభుత్వం రేషను వంటనూనెలో పామాయిల్ వాటా తగ్గించి సోయా నూనె పెట్టింది. ఎవరింటికీ వెళ్ళి నూనె మార్చమని బతిమాలలేదు. అయిదేళ్ళలో జనం సగటు కొలెస్ట్రాల్ సుమారు 15 శాతం పడిపోయింది. అక్కడ మధుమేహం మాత్రం తగ్గలేదు. 1972లో ఫిన్లాండ్‌లోని ఉత్తర కరేలియాలో పెక్కా పుస్కా బృందం గుండెజబ్బు మీద ఇలాగే పని చేసింది. వెన్న, కొవ్వుపాలు ఆ ప్రాంతపు గర్వం, బతుకుతెరువు. మహిళా సంఘాలతో వంటలు మార్పించారు, డెయిరీలతో తక్కువ కొవ్వు పాలు తీయించారు, పాడిరైతులకు పళ్ళతోటల దారి చూపించారు. కొన్ని దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్ళలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. రైతును శత్రువు చేసుకోకుండా పళ్ళెం మార్చవచ్చని ఆ అనుభవం చెబుతోంది.

డెల్టాకు దారి వెతకడానికి దూరం పోనక్కర్లేదు. గుడ్ల ఉత్పత్తిలో, చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. అనపర్తి, తణుకుల కోళ్ళఫారాల గుడ్లు ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాల దాకా వెళుతున్నాయి. ఆ గుడ్డుకు, పప్పుకు రేషనులో ప్రతి నెలా ఖాయమైన చోటు ఉండాలి. 2023 నుంచి బడిపిల్లలకు మధ్యాహ్న భోజన పథకంలో రాగిజావ వచ్చింది, గుడ్డు అంతకుముందే ఉంది. పిల్లల పళ్ళెంలో సాధ్యమైనది పెద్దల సంచిలో అసాధ్యం కాదు. హైదరాబాద్ శాస్త్రవేత్తలు బాక్టీరియా ఎండాకు తెగులును తట్టుకునేలా రూపొందించి 2008లో విడుదల చేసిన ఇంప్రూవ్డ్ సాంబా మసూరి బియ్యానికి నెత్తురులో చక్కెరను నెమ్మదిగా పెంచే గుణం కూడా ఉందని తేలింది. అలాంటి రకాలను మద్దతు ధరలో కాస్త ముందుపెట్టి కొంటే రైతుకూ తినేవాడికీ మేలు. రేషను బియ్యానికి పాలిష్ ఎంతవరకు పట్టాలో ప్రభుత్వమే మిల్లుకు చెబుతుంది కాబట్టి, ఆ అంకెను తగ్గించి రాయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. తవుడు ఉన్న బియ్యం త్వరగా ముక్కిపోతుందన్నది నిజమే, నిల్వ కాలం చూసుకుని చేయాల్సిన పని అది. నడక సంగతికొస్తే, ప్రతి ఊరికీ కాలవ గట్టు ఉంది. చాలా చోట్ల అది ఇప్పుడు చెత్తకుప్పలకూ ఆక్రమణలకూ నెలవు. దీపాలు పెట్టి, ఆడవాళ్ళు సంధ్యవేళ భయం లేకుండా నడిచేలా చేస్తే వంద జిమ్ముల పెట్టు.

ఇక హెచ్చరిక వ్యవస్థ. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం ఉంది, ఆశా ఉంది, ముప్పై దాటిన వాళ్ళకు షుగరు, బీపీ పరీక్ష చేయాలన్న జాతీయ కార్యక్రమమూ ఉంది. లేనిది, ఆ అంకె చూసి కదలాల్సిన బాధ్యత ఎవరిదన్న స్పష్టత. నీరు 11.75 అడుగులకు చేరితే ఎవరు ఏం చేయాలో కాగితం మీద రాసి ఉంటుంది. ఒక ఊళ్ళో పరీక్ష చేసిన వంద మందిలో ఇరవై మంది గట్టు మీదున్నారని తేలితే ఎవరు ఏం చేయాలో అలాగే రాసి ఉండాలి. ఆ నెల ఊళ్ళో మందుల నిల్వ చూడాల్సింది ఎవరు, రేషనులో పప్పు రాకపోతే జవాబు చెప్పాల్సింది ఎవరు, మందు మానేసిన వాళ్ళ తలుపు తట్టాల్సింది ఎవరు? ఈ మూడు ప్రశ్నలకూ గ్రామసభలో ఏటా జవాబు చెప్పించుకునే హక్కు ఊరికి ఉండాలి. నిపుణుల మాటకు కూడా అప్పుడే విలువ పెరుగుతుంది. తినమన్నది దుకాణంలో దొరుకుతుంది, నడవమన్న చోట గట్టు ఉంటుంది, వేసుకోమన్న మాత్ర చేతికందుతుంది.

ఈ ఆదివారం ఇంట్లో రెండో వాయి అన్నానికి ముందు ఒకసారి పళ్ళెం చూసుకోండి. ముప్పై దాటి ఉంటే ఈ వారమే పరగడుపున పరీక్ష చేయించుకోండి. అక్కడితో మీ పని అయిపోయిందని మాత్రం అనుకోకండి. వచ్చే గ్రామసభలో లేచి, రేషనులో పప్పు ఏదని అడగండి. కరువు నాటి గోదావరి జిల్లాకు ఉపన్యాసం కడుపు నింపలేదు, ఆనకట్ట నింపింది.